యర్రా, ఎర్రా, జర్రా: మా నాన్న పాస్‌పోర్టు అనుభవం

నాన్నకి పాస్‌పోర్టు తీయాలన్న మాట 2023 వేసవిలో వచ్చింది. మా చెల్లి కూతురు సింగపూర్‌లో ఉంటుంది. తనకి పాప పుట్టింది. వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూసి, "ఒక్కసారి ఎత్తుకోవాలని ఉందే అమ్మా" అన్నారు. ఎనభై ఐదేళ్ల వయసులో ఆయన నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, కార్డుల మీద ఇంగ్లీషు. ఇక్కడి తెలుగువాళ్లందరి బతుకూ ఇంతే కాబట్టి ఎప్పుడూ కష్టం అనిపించలేదు. నాన్న నలభై ఏళ్లు బట్టల కొట్లో గుమస్తాగా చేశారు. ఓటు ఉంది, రేషన్ కార్డు ఉంది, ఆధార్ ఉంది, ఇంటి పట్టా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆన్‌లైన్‌లో ఫారం నేనే నింపాను. పుట్టిన చోటు దగ్గర రంగూన్ అని రాశాను, ఎందుకంటే నాన్న పుట్టింది అక్కడే. పౌరసత్వం ఎలా వచ్చింది అన్న గడిలో పుట్టుకతో అని పెట్టాను. ఆ రెండూ ఒకే ఫారంలో ఉంటే కుదరవని నాకు తట్టలేదు. "మిమ్మల్ని వేరే పేర్లతో ఎప్పుడైనా పిలిచారా" అన్న ప్రశ్నకి లేదు అని టిక్కు పెట్టేశాను. మేం చేసిన పెద్ద తప్పు ఆ రెండో టిక్కే. అది తెలియడానికి మూడు నెలలు పట్టింది.

స్లాట్ వచ్చిన రోజు పాస్‌పోర్టు ఆఫీసు కౌంటర్లో ఉన్నాయన కాగితాలన్నీ వరసగా పరిచాడు. ఆధార్‌లో జర్రా బెంకటరావు. ఓటరు కార్డులో ఎర్రా వెంకట్రావు. బ్యాంకు పుస్తకంలో వై.వి.రావు. పట్టాలో ఒడియా లిపిలో జర్రా బెంకట రావ్, తండ్రి అపలా స్వామి. కాసేపు చూసి, "ఇక్కడ నలుగురు మనుషులున్నారమ్మా. వీళ్లలో మీ నాన్న ఎవరు?" అన్నాడు. పైగా పుట్టింది వేరే దేశంలో. పౌరసత్వానికి రుజువు తెమ్మని రాసి పంపారు. ఆధార్ చూపిస్తే అది పౌరసత్వానికి రుజువు కాదన్నారు. ఆ మాట నిజమే, ఆధార్ చట్టంలోనే 9వ సెక్షన్‌లో అలా ఉంది.

బయటికొచ్చాక నాన్న మెట్ల మీద కూర్చుండిపోయారు. "ఎనభై ఏళ్లయింది ఈ ఊరొచ్చి. నేనెవరినో ఇప్పుడు నేను చెప్పుకోవాలేటి?" అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

పేరు ఎలా చీలిపోయిందో చెబితే సరిహద్దు జిల్లాల్లో ఉన్న తెలుగువాళ్లందరికీ అర్థమవుతుంది. మా ఇంటిపేరు యర్రా. ఒకరు ఇంగ్లీషులో వైతో మొదలుపెడతారు, ఇంకొకరు చెవికి ఎలా వినబడితే అలా ఈతో మొదలుపెడతారు. ఒడియాలో జ అని పలికే య ఒకటుంది, య అనే పలికే య ఇంకోటుంది. రెండు అక్షరాలకీ తేడా ఓ చిన్న వంపు. మాట మొదట్లో మొదటిదే రాయడం వాళ్ల అలవాటు. అలా యర్రా జర్రా అయింది. వ, బ రెండింటికీ తరచు ఒకే అక్షరం వాడతారు కాబట్టి వెంకట బెంకట అయ్యాడు. ఒత్తు పోయి అప్పల అపలా అయ్యాడు. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. రాసినవాళ్లు వాళ్ల భాషకి సరిగ్గానే రాశారు. ఆ ఒడియా పట్టా చూసి ఎవరో ఇంగ్లీషులో ఎక్కించారు, అది చూసి ఇంకెవరో ఆధార్‌లో ఎక్కించారు.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లది చివర ఉంటుంది. కంప్యూటర్లో నాన్నకి రావు ఇంటిపేరైపోయింది, తాతకి స్వామి ఇంటిపేరైపోయింది. తండ్రి ఇంటిపేరు స్వామి, కొడుకు ఇంటిపేరు రావు! వీళ్లు తండ్రీకొడుకులని కాగితం చూసి ఎవరు నమ్ముతారు?

మొదట ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాను. సులువైన దారి చెప్పాడు. "రంగూన్ అని ఎందుకు రాశారు? పర్లాకిమిడి అని రాసి కొత్తగా అప్లై చెయ్యండి. ఆ వయసువాళ్లకి పుట్టిన సర్టిఫికెట్ ఎవరడుగుతారు?" నిజం చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది. ఇంటికొచ్చి నాన్నతో అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ నన్ను రంగంలో కన్నది. కాదని నేను సంతకం పెట్టనమ్మా" అన్నారు. రంగం అంటే రంగూన్. మా వైపు పెద్దవాళ్లందరూ అలాగే అంటారు. పాస్‌పోర్టు చట్టం ప్రకారం తెలిసి తప్పుడు వివరం ఇస్తే రెండేళ్ల దాకా జైలు పడొచ్చని నాకు తర్వాత తెలిసింది. నాన్నకి ఆ సెక్షన్ తెలియదు. తల్లి మాట ఒక్కటే తెలుసు.

మా వీధిలో ఒక పాత ప్లీడరు గారున్నారు. ఆయన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అంటాం. కాగితాలు చూసి ఆయన మొట్టమొదట అడిగింది పేరు గురించి కాదు. "అన్నయ్య ఇక్కడికి ఏ సంవత్సరం వచ్చాడు?" అని అడిగారు. 1942 అన్నాను. "అయితే భయం లేదు. రాజ్యాంగం 5వ అధికరణం చూడు" అని పుస్తకం తీసి చదివించారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950 జనవరి 26 నాటికి ఈ దేశంలో స్థిరనివాసం ఉండి, తను ఇక్కడ పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినా, లేదా అప్పటికి కనీసం ఐదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా పౌరుడే. అంటే నాన్న ఎక్కడ పుట్టారన్న దానితో గొడవ లేదు. 1945 జనవరి 26కి ముందు నుంచీ ఈ గడ్డ మీద ఉన్నారని చూపించాలి, లేదా తాతో నాయనమ్మో ఇక్కడ పుట్టారని చూపించాలి. "రెండూ చూపిద్దాం. ఒకటి నిలవకపోతే ఇంకోటి నిలుస్తుంది" అన్నారు బాబాయ్.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. "పాత కాగితాలు దిద్దించడానికి పరిగెత్తకు. దిద్దితే పాతదానికి విలువ పోతుంది. ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఒకదానికి ఒకటి ముడి వెయ్యి." ఆ తర్వాత నెలల తరబడి నేను చేసిందంతా ఆ ముళ్లు వేయడమే.

తాత కథ కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి జనం రంగం వెళ్లేవారు. గోపాలపూర్‌లో స్టీమరు ఎక్కితే రంగూన్‌లో దిగడమే. తెలుగువాళ్లని అక్కడ కోరంగీలు అనేవారట, కోరంగి రేవు పేరు మీద. తాత బియ్యం మిల్లులో మోత పనికి వెళ్లాడు, తర్వాత నాయనమ్మని తీసుకెళ్లాడు. నాన్న బహుధాన్య సంవత్సరం కార్తీకంలో పుట్టారని నాయనమ్మ లెక్క, అంటే 1938. మా ఇంటి మీద రెండు సరిహద్దు గీతలు పడ్డాయి, రెండూ ఏప్రిల్ ఒకటినే పడ్డాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి మద్రాసు నుంచి విడిపోయింది. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. మా ముత్తాత ఊరు ఆంధ్రలో ఉండిపోయింది, తాత స్థలం కొన్న ఊరు ఒరిస్సాలోకి వచ్చింది, నాన్న పుట్టిన ఊరు పరాయి దేశమైంది. మావాళ్లు ఉన్నచోటే ఉన్నారు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. తర్వాతి నెలలో నాయనమ్మ మూడేళ్ల నాన్నని చంకనేసుకుని కలకత్తా ఓడ ఎక్కింది. అక్కడి నుంచి రైల్లో నౌపడా, నౌపడాలో చిన్న రైలు ఎక్కి పర్లాకిమిడి. తాత పని చూసుకుని తర్వాతి ఓడకి వస్తానన్నాడట. రాలేదు. కబురూ రాలేదు. నాయనమ్మ చివరి దాకా బొట్టు తీయలేదు.

ఇంట్లో ఆమె రేకు పెట్టె ఉంది. అందులో ఇంతకాలం మేం సరిగ్గా చూడని కాగితాలు దొరికాయి. ఒకటి రంగూన్ నుంచి వచ్చిన మనియార్డరు కూపను. పంపినవారి పేరు ఇంగ్లీషులో వై. అప్పల్‌సామి. ఇంకోటి జమీందారీ శిస్తు రసీదు, ముత్తాత యర్రా సింహాచలం పేరున, ఫసలీ 1339. ఫసలీ అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1929లో మొదలైన సంవత్సరం. ఆ రసీదులో ఊరి పేరు స్పష్టంగా ఉంది. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా. అప్పుడు అటూ ఇటూ అంతా ఒకే పర్లాకిమిడి ఎస్టేటు.

కావలసినవి ఇంకా రెండున్నాయి. తాత కొన్న ఇంటి స్థలం దస్తావేజు, నాన్న బడి రిజిస్టరు.

దస్తావేజు కోసం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలుకి అర్జీ పెట్టాను. సంవత్సరం 1937 అని నాన్నకి గుర్తు. గుమస్తా పేర్ల ఇండెక్సులో ఇంగ్లీషు అక్షరం వై (Y) కింద వెతికాడు, లేదు. ఈ (E) కింద లేదు. జె (J) కింద చూడమన్నాను, లేదు. ఫీజు కట్టడం, లేదనిపించుకోవడం ఇలా మూడుసార్లయింది. నాలుగోసారి బాబాయ్ నాతో వచ్చి, "పేరుతో వెతక్కండి బాబూ, స్థలంతో వెతకండి" అన్నారు. ఆస్తుల ఇండెక్సు వేరే ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా పట్టాలో ప్లాటు నంబర్లు రెండుంటాయి, పాతది సాబిక్, ఇప్పటిది హాల్. సాబిక్ నంబరు పట్టుకుని వెనక్కి వెళితే సర్వే నంబరు వచ్చింది, వీధి వచ్చింది, దస్తావేజు వచ్చింది. పేర్ల ఇండెక్సులో తాతని ఏ (A) అక్షరం కింద, అప్పలసామి అని రాశారు. ఇంటిపేరు పక్కన బ్రాకెట్లో ఉంది.

దస్తావేజు తెలుగులో ఉంది. "రంగూనులో కూలి నిమిత్తము ఉండి ప్రస్తుతము పర్లాకిమిడి వచ్చియున్న యర్ర సింహాచలం కుమారుడు అప్పలసామి" అని కొనుగోలుదారు వివరం. ఆ ఒక్క వాక్యం చదివి నేను ఆ బల్ల దగ్గరే ఏడ్చేశాను. మనియార్డరు మీది అప్పల్‌సామి, శిస్తు రసీదు మీది సింహాచలం, పట్టాలోని అపలా స్వామి ముగ్గురూ అందులో కలిశారు. మీలో ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ముందు స్థలం పట్టుకోండి. పేరు రాసేవాడి చేతిని బట్టి మారుతుంది, సర్వే నంబరు అలా మారదు, మారినా పాత నంబరు పక్కనే రాసి ఉంటుంది.

బడికి నాన్నని కూడా తీసుకెళ్లాను. హెడ్మాస్టరు చిన్నవాడు, ఒడియా ఆయన, ఎంతో మర్యాదగా కుర్చీ వేయించాడు. పాత రిజిస్టర్లు బీరువా అడుగున గోనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. అట్ట ఊడింది, అంచులు చెదలు తిన్నాయి. ఆ కాలం పేజీలన్నీ తెలుగులోనే ఉన్నాయి, ఆయనకి చదవడం రాదు. నాన్నే వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదువుతూ వచ్చారు. తోటి పిల్లల పేర్లు కనపడితే ఆగి, "వీడు పోయాడు. వీడు బరంపురంలో ఉండేవాడు" అంటున్నారు. నేను తొందర పెట్టలేదు.

1944 జులైలో ఉంది. ఒకటో తరగతి. యర్రా వెంకటరావు. పుట్టిన తేదీ 1-7-1938, అప్పట్లో మాస్టర్లు అందరికీ వేసే తేదీ. నాన్న ఆధార్‌లోనూ అదే తేదీ. తండ్రి పేరు గడిలో అప్పలస్వామి అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో "రంగం" అని ఉంది. సంరక్షకుల సంతకం గడిలో ఒక వేలిముద్ర. వంకాయ రంగు సిరా. ముద్ర సగం గీత దాటి పక్క పిల్లవాడి గడిలోకి వెళ్లింది. కింద మాస్టరు రాశారు: "తల్లి నిశాని".

నాన్న ఆ ముద్ర దగ్గర ఆగిపోయారు. తన బొటనవేలు దాని పక్కన, కాగితానికి తగలకుండా, గాలిలో పెట్టి చూసుకున్నారు. "ఆ రోజు నా చెయ్యి ఇలా పట్టుకునే వేసింది. సిరా నా చొక్కాకి తుడిచేసింది" అన్నారు. హెడ్మాస్టరు ఒడియాలో ఏంటని అడిగాడు. నేను చెప్పాను. ఆయన లేచి నిలబడి, ఆ పేజీకి తనే ఫొటో తీసి, నకలు మీద స్టాంపు వేసి, అసలు రిజిస్టరు పాలిథీన్ కవరులో పెట్టి పైఅరలో పెట్టించాడు.

1944 జులై అంటే 1945 జనవరికి ముందు. బాబాయ్ ఆ నకలు చూసి, "ఇంక కూర్చో, టీ తాగుదాం" అన్నారు.

తర్వాతదంతా ఓపిక పని. తెలుగు దస్తావేజు, రిజిస్టరు పేజీ, రసీదు ఇంగ్లీషులోకి అనువాదం చేయించి నోటరీ చేయించాం. ఈ పేర్లన్నీ ఒకే మనిషివని మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్ ఇచ్చాం. చాలామంది అఫిడవిట్‌తో పని అయిపోయిందనుకుంటారు. అది మన మాట మాత్రమే, వెనక కాగితం లేకపోతే నిలవదు. నేను రెండు రాత్రులు కూర్చుని ఒక పట్టిక రాశాను. ఏ కాగితం, ఏ సంవత్సరం, ఏ లిపి, పేరు ఎలా ఉంది, తండ్రి పేరు ఎలా ఉంది, ఇంటి స్థలం ఏది. మొత్తం పదకొండు వరసలు. పేరు గడిలో పదకొండు రకాలుగా ఉన్నా, మిగతా గడులు కలుస్తూ వచ్చాయి. యర్రా ఎలా జర్రా అయిందో ఒక పేజీలో మామూలు మాటల్లో రాసి పైన పెట్టాను. కొత్త ఫారంలో వేరే పేర్లున్నాయా అన్నచోట ఈసారి అవును అని పెట్టి అన్నీ రాశాను. పెద్దవాళ్లకి ఫీజులో పదోవంతు తగ్గింపు ఉంది, 1,350 రూపాయలు కట్టాను.

ఆధార్‌లో జర్రా, బెంకట దిద్దిద్దామా అని మాలో మాకు పెద్ద చర్చే జరిగింది. దిద్దించాలంటే గెజిట్, పేపర్ ప్రకటన, మళ్లీ బ్యాంకు, మళ్లీ పట్టా. నాన్నకి అంత వ్యవధి ఉందో లేదో అని నా టెన్షన్ నాది. చివరికి ఆయనే, "ఆళ్ల నోటికి అలా పలికింది, ఉండనీ. నేను ఎవరినో పట్టికలో రాశావు కదా" అన్నారు. నాకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది. మన పిల్లలకైనా మొదటి కాగితం రాయించేటప్పుడు పక్కన నిలబడి, అక్షరం అక్షరం చెప్పి రాయించండి. సిగ్గుపడొద్దు.

రెండోసారి మమ్మల్ని పిలిచిన అధికారి ఒకావిడ. పట్టిక ముందు పెట్టుకుని, వరసగా కాగితాలు తిప్పింది. నాన్నని మూడు ప్రశ్నలు హిందీలో అడిగింది. ఎప్పుడొచ్చారు, ఎవరితో వచ్చారు, మీ నాన్న ఏమయ్యారు. మూడోదానికి నాన్న "పతా నహీ", తెలియదు, అని ఊరుకున్నారు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. దస్తావేజు అనువాదం మీద ఒక గీత పెట్టి, ఫైలు మూసి, "హో జాయేగా, దాదాజీ" అంది, అయిపోతుంది తాతగారూ అని. పోలీసు విచారణకి వచ్చినాయన వీధిలో ఇద్దర్ని అడిగి, మా అరుగు మీద మజ్జిగ తాగి వెళ్లాడు.

పాస్‌పోర్టు 2024 ఫిబ్రవరిలో స్పీడ్ పోస్టులో వచ్చింది. కవరు నాన్నే చించారు. పేరు జర్రా బెంకట, ఇంటిపేరు రావు. ఫొటో కింద ఆయన సంతకం, ఆఫీసులో తెలుగులో పెట్టింది, యర్రా వెంకటరావు. పుట్టిన చోటు దగ్గర వేలు పెట్టి, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని, "రంగం" అని పైకి చదివారు.